ఇస్నాద్ లేని నక్షా: కంప్యూటరు కాలంలో కట్టడానికి కర్త ఎవరు?

హదీసు విద్యార్థికి మదరసాలో మొదట నేర్పే పాఠం ఒకటున్నది. మాట ఎంత బాగున్నదో చూడడానికి ముందు అది ఎవరి ద్వారా వచ్చిందో చూడాలి. మత్న్ అనగా మూలవాక్యం. ఇస్నాద్ అనగా దానిని చేరవేసిన వారి వరుస. ఆ వరుసలో ఒక పేరు లోపిస్తే, వాక్యం ఎంత సుందరంగా ఉన్నప్పటికీ ముహద్దిసులు దాని ముందు ఆగి ఆలోచిస్తారు. ఈ పద్ధతి హదీసు శాస్త్రంలో పుట్టినా, దాని ప్రయోజనం అక్కడితో ఆగిపోలేదు. ఒక పని వెనుక బాధ్యులెవరు అని అడిగే అలవాటును అది ముస్లిం సమాజానికి నేర్పింది. నేడు మన పట్టణాలలో లేస్తున్న కట్టడాలను, విశేషించి మస్జిదులను, ఆ అలవాటుతో పరిశీలించవలసిన అవసరం ఏర్పడింది.

ఒకప్పుడు నక్షా అంటే బల్ల మీద పరచిన కాగితం, టీ-స్క్వేరు, పెన్సిలు, దాని మీద నీలి ప్రింటు. ఆటోక్యాడ్ అనే ప్రోగ్రాము మొదట 1982 డిసెంబరులో వెలువడింది. అప్పటి నుండి గీత కాగితాన్ని విడిచి తెరమీదికి చేరింది. తరువాత మూడు కొలతలలో కట్టడాన్ని చూపే ప్రోగ్రాములు వచ్చాయి. 2022 నుండి మాటలు టైపు చేస్తే బొమ్మ తయారుచేసి ఇచ్చే యంత్రాలు కూడ సామాన్యునికి అందుబాటులోకి వచ్చాయి. ఈ మార్పును గురించి రెండు రకాల వాదాలు వినబడుతున్నాయి. యంత్రం వాస్తుశిల్పికి రెక్కలిచ్చిందని ఒక పక్షం. యంత్రం చేతిపనిని చంపివేసిందని మరొక పక్షం. ఈ రెండు వాదాలలోనూ కొంత సత్యం లేకపోలేదు. కాని రెండూ అసలు ప్రశ్నను తప్పించుకుంటున్నాయి. ఆ ప్రశ్న ఇది: రేపు ఈ కప్పు కారితే, ఈ గోడ బీటలిస్తే, ఈ గుంబదు కింద ఖుత్బా వినబడకపోతే, ఎవరిని అడగాలి? నక్షా ఎవరిది?

పేర్లు ఎక్కడ ఉండేవి?

పాతకాలంలో శిల్పి తన పేరు దాచుకునేవాడనీ, పేరు కోరడం పాశ్చాత్యుల అలవాటనీ మనలో కొందరు గర్వంగా చెబుతుంటారు. చరిత్ర ఇంత సులభంగా లేదు. తాజ్ మహల్‌పై ఆయతులను చెక్కడానికి అక్షర రూపాన్ని సమకూర్చిన అమానత్ ఖాన్ తన పేరును అక్కడే రాసుకున్నాడు. కట్టడానికి రూపకల్పన చేశాడని చెప్పబడే ఉస్తాద్ అహ్మద్ లాహోరీ పేరు మాత్రం ఆ గోడల మీద లేదు. ఆయన పేరు మనకు దక్కింది కుమారుడు లుత్ఫుల్లా ముహందిస్ రాసిన పద్యాల వల్ల. అనగా కట్టడం మీద పేరు లేకపోయినా, కట్టినవారి ఇంట్లో, శిష్యులలో, గ్రంథాలలో ఆ వరుస నిలిచి ఉన్నది. ఉస్మానియా సామ్రాజ్యంలో మిమార్ సినాన్ తన వృద్ధాప్యంలో తన పనుల వృత్తాంతాన్ని సాయీ ముస్తఫా చెలెబీ అనే కవి చేత రాయించాడు. 1591లో నిర్మితమైన చార్మినారు రూపకల్పనను చరిత్రకారులు గోల్కొండ పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీకి ఆపాదిస్తారు.

మనకు దగ్గర కాలంలోని ఉదాహరణ హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయం. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనానికి బెల్జియం దేశస్థుడైన ఎర్నెస్ట్ జాస్పర్ రూపకర్త. ఆ పనికి పూర్వం నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని ప్రభుత్వం దేశదేశాల విశ్వవిద్యాలయాలను చూసి రమ్మని పంపింది. ఆ భవనం ఒక్కరి మెదడులో పుట్టింది కాదు. చూసివచ్చినవారు, గీసినవారు, కట్టించినవారు వేరువేరు. అయినా ఎవరి పాలు ఎంతో చెప్పడానికి వీలున్నది. ఇస్నాద్ అంటే ఇదే. ఒక్క కర్త ఉండాలని ఇస్నాద్ కోరదు. వరుస తెగకూడదని మాత్రమే కోరుతుంది.

అనువాద వృత్తిలో ఉన్నవారికి ఈ విషయం వివరించి చెప్పనక్కరలేదు. అనువాద గ్రంథం అట్ట మీద రెండు పేర్లుంటాయి. మూలం గొప్పదైతే ఆ గొప్ప మూలకర్తది. తెలుగు తప్పైతే ఆ తప్పు అనువాదకునిది. ఇద్దరున్నంత మాత్రాన బాధ్యత చెదరిపోదు, ఇద్దరి పేర్లూ తెలిసినంత వరకు.

లెక్క మనకు కొత్త కాదు

యంత్రం మీద కోపంతో లెక్కనే నిందించడం మన సంప్రదాయాన్ని తెలియకపోవడమే. సమర్ఖందులో పనిచేసిన జంషీద్ అల్ కాషీ 1427లో పూర్తిచేసిన మిఫ్తాహుల్ హిసాబ్ గ్రంథంలో ముఖర్నస్ అనే తేనెపట్టు వంటి కప్పు అలంకారానికి ఉపరితల వైశాల్యం కట్టే పద్ధతిని వివరించాడు. ఎంత గచ్చు పడుతుందో, ఎంత పని ఉంటుందో అంచనా వేయడానికి ఉపకరించే లెక్క అది. 2007లో పీటర్ లూ, పాల్ స్టైన్‌హార్ట్ అనే పరిశోధకులు ఇస్ఫహానులోని 1453 నాటి దర్బె ఇమాం కట్టడంపైనున్న గిరిహ్ నమూనాలను పరిశీలించారు. కొద్దిపాటి పలకల రూపాలను నియమబద్ధంగా అమర్చడం ద్వారా ఆ నమూనాలు ఏర్పడినవని వారు వాదించారు. నేడు కంప్యూటరు శాస్త్రంలో నియమావళి అని పిలిచేదానికి ఇది సమీప బంధువు. కాబట్టి నియమం ఇచ్చి రూపం రాబట్టడం మన ముందుతరాల వారికి తెలిసిన విద్యే.

నేటి యుగంలోనూ మనవారి చేతిలో ఆ విద్య ఫలించింది. ఢాకా ప్రాంతంలో 1929లో జన్మించిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ అనే ఇంజనీరు షికాగోలోని సియర్స్ టవరు నిర్మాణానికి లెక్క కట్టినవాడు. 1981లో జిద్దాలో తెరిచిన హజ్ టెర్మినల్ ఆయన పాల్గొన్న చివరి పెద్ద పనులలో ఒకటి. గుడారాల వంటి ఆ గుడ్డ కప్పు రూపం కేవలం కుంచెతో గీసి రాబట్టగలిగినది కాదు. గుడ్డ ఏ వైపు ఎంత లాగుతుందో లెక్కకట్టి రాబట్టవలసినది. ఎడారి ఎండలో లక్షలాది హాజీలకు నీడ కల్పించే ఆ కట్టడానికి 1983లో ఆగాఖాన్ వాస్తు పురస్కారం లభించింది. ఇక్కడ గమనించవలసినది, లెక్క యంత్రం చేసినా లెక్కకు ప్రశ్న మనిషి ఇచ్చాడు. హాజీకి నీడ కావాలి, గాలి కావాలి అన్నది ఆ ప్రశ్న.

1997లో స్పెయిన్ దేశంలోని బిల్బావోలో ఫ్రాంక్ గెహ్రీ కట్టిన మ్యూజియంతో మరో మెట్టు దాటినట్లయింది. విమానాల తయారీకి ఫ్రాన్సులో రూపొందించిన కాటియా అనే ప్రోగ్రామును ఆయన కార్యాలయం వాడుకున్నది. వాస్తుశిల్పి తయారుచేసిన ఫైలే ఉక్కు పని చేసేవారికి కొలతల ఆధారమైంది. మధ్యలో మళ్ళీ గీసే గుమాస్తా అవసరం తగ్గిపోయింది. ఈ మార్పు కర్తకు బలమిచ్చినట్లు కనిపిస్తుంది. కాని అదే ఫైలు కర్తను బలహీనుణ్ణి కూడ చేసింది. ఎట్లాగంటే, బాగ్దాదులో 1950లో జన్మించి 2004లో ప్రిట్జ్‌కర్ బహుమానం పొందిన తొలి మహిళ జహా హదీద్ బీజింగు నగరంలో వాంగ్‌జింగ్ సోహో అనే భవన సముదాయానికి రూపకల్పన చేశారు. అది ఇంకా పూర్తికాకముందే చోంగ్‌చింగ్ నగరంలో దానిని పోలిన కట్టడం లేస్తున్నదన్న వివాదం 2012, 2013 సంవత్సరాలలో ప్రపంచ పత్రికలకెక్కింది. నకలు అసలు కంటే ముందు పూర్తవుతుందేమో అన్నంత దూరం పోయింది వ్యవహారం. రాతిని నకలు చేయడానికి పూర్వం ఒక తరం పట్టేది. ఫైలును నకలు చేయడానికి ఒక నిమిషం చాలు.

మన ముంగిట

ఇక దూరదేశాలను విడిచి మన ముంగిటికి వద్దాం. 2022లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ తిరుపతి రైల్వే స్టేషను కొత్త రూపాన్ని చూపే బొమ్మలను సామాజిక మాధ్యమంలో ఉంచారు. ఇది సాఫ్ట్‌వేరు కంపెనీ ఆఫీసులా ఉన్నదనీ, యాత్రాస్థలానికి తగిన లక్షణం ఒక్కటీ లేదనీ జనం విమర్శించారు. తరువాత ఆ నమూనాను సవరించారు. ఈ ఉదంతంలో మెచ్చుకోదగిన అంశం ఉన్నది. పూర్వం జనం అభిప్రాయం చెప్పేసరికి కట్టడం పూర్తయి ఉండేది. ఇప్పుడు ఇటుక పడకముందే చెప్పగలిగారు. కాని లోపం కూడ అక్కడే ఉన్నది. జనం ముందుకు వచ్చింది బొమ్మ మాత్రమే. ప్లాట్‌ఫారం మీద ఎండ ఏ వేళ ఎంత పడుతుంది, ముసలివారు ఎన్ని మెట్లెక్కాలి, తలనీలాలిచ్చి రాత్రివేళ తిరిగివచ్చిన యాత్రికుల కుటుంబాలు ఎక్కడ పడుకోవాలి అన్న ప్రశ్నలకు ఆ బొమ్మలో చోటు లేదు. అందుచేత చర్చ అద్దాలు వద్దు, గోపురం కావాలి అన్నంతవరకే సాగింది. బొమ్మతో మొదలైన వాదం మరో బొమ్మతో ముగిసింది. ఆ రెండు బొమ్మలలో దేనికి కర్త ఎవరో ఆ వాదంలో పాల్గొన్నవారిలో ఎందరు అడిగారు?

అలిపిరి దగ్గర ఇదే ప్రశ్న మరో రూపంలో వచ్చింది. కొండకు నడిచిపోయే మెట్లదారి అక్కడ మొదలవుతుంది. ఆ దారి మండపాలను నిలిపిన తాపీవారి పేర్లు నేడు నడిచేవారికి తెలియవు. కాని రెండు స్తంభాల మధ్య దూరం, దూలం రాయి పొడవు, కూర్చునే అరుగు ఎత్తు, ఇవన్నీ ఆ పని తెలిసిన ఒక వరుస నుండి వచ్చినవే. 2023లో అలిపిరిలోని పాత మండపాన్ని మరమ్మతు చేయాలా, విప్పి మళ్ళీ కట్టాలా అన్న వాదం చెలరేగింది. ఇతరుల ఆరాధనాస్థలం గురించి తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. కాని ఆ వాదంలో ఇమిడి ఉన్న సూత్రం అందరికీ వర్తిస్తుంది. విప్పిన రాళ్ళకు అంకెలు వేసి, కొలతలు రాసి, అదే వరుసలో నిలబెడితే అది పాత కట్టడమే. కొలతలు లేకుండా దాని పోలికతో కొత్తది కడితే అది బొమ్మ.

అమరావతి చరిత్ర మరింత చిత్రమైనది. ప్రభుత్వ భవన సముదాయానికి 2016లో జపాను వాస్తుశిల్పి మాకి సంస్థ నమూనా ఎంపికైంది. విమర్శలు వచ్చిన మీదట దానిని విడిచిపెట్టారు. తరువాత లండనుకు చెందిన నార్మన్ ఫోస్టర్ సంస్థకు పని అప్పగించారు. 2017లో సినిమా దర్శకుడు రాజమౌళి సలహా కోరారు. తాను రూపకర్తను కానని ఆయనే బహిరంగంగా స్పష్టం చేయవలసి వచ్చింది. సభామందిరంలో తెలుగుతల్లి విగ్రహం మీద సూర్యకిరణం పడే ఏర్పాటు గురించి ఆయన ఇచ్చిన ఊహ మాత్రం అందరి నోళ్ళలో నానింది. 2019లో ప్రభుత్వం మారి పనులు ఆగాయి. 2024లో మళ్ళీ మారింది. 2025 మే 2న పనుల పునఃప్రారంభం జరిగింది. ఇన్నేళ్ళలో జనం అమరావతిని చూసింది ఎక్కువగా బొమ్మలలోనే. ఒక నగరం దాదాపు పదేళ్ళు తెరమీద మాత్రమే నివసించగలగడం మునుపటి యుగాలలో సాధ్యమయ్యే పని కాదు. సినిమా దర్శకుణ్ణి పిలవడాన్ని కొందరు ఎగతాళి చేశారు. నిజానికి అందులో తర్కం ఉన్నది. కట్టడం ముందుగా దృశ్యంగా అమ్ముడుపోవలసి వచ్చినప్పుడు, దృశ్యం తెలిసినవాడినే పిలుస్తారు.

దీనికి భిన్నంగా, తెలంగాణలో 2022 మార్చి 28న పునఃప్రారంభమైన యాదాద్రి ఆలయ నిర్మాణంలో సినిమా కళాదర్శకుడు ఆనంద్ సాయి వాస్తురూపకర్తగా వ్యవహరించారు. కృష్ణశిలను చెక్కినవారు స్థపతులు, శిల్పులు. సినిమా సెట్టుకూ ఆలయానికీ పొత్తు కుదురుతుందా అన్నది ఆ మతస్థులు తేల్చుకోవలసిన విషయం. అయితే గీసినవాడు ఇతడు అని బహిరంగంగా చెప్పగలగడం అక్కడి విశేషం. పేరు తెలిసినచోట విమర్శకు చిరునామా ఉంటుంది.

ఫ్లెక్సీ మీది గుంబదు

ఇతరుల సంగతి చెప్పిన తరువాత మన ఇంటి సంగతి చెప్పకపోవడం న్యాయం కాదు. రాయలసీమ పట్టణాలలో మస్జిదును విస్తరించాలని కమిటీ తలపెడితే, ముందు జరిగేది ఏమిటి? పాత మస్జిదును కొలవడం కాదు. డి.టి.పి. సెంటరులోనో, ఎలివేషన్లు గీసే కుర్రవాని దగ్గరో ఒక రంగుల బొమ్మ తయారవుతుంది. నీలాకాశం, తెల్లని పాలరాయి, నాలుగు ఎత్తైన మీనార్లు, మధ్యలో పచ్చని గుంబదు, ముందు ఖర్జూర చెట్లు. బొమ్మను ఫ్లెక్సీగా వేసి, కింద బ్యాంకు ఖాతా నంబరు ముద్రించి, గేటుకు కట్టి చందా మొదలుపెడతారు. జనం బొమ్మను చూసి చందా ఇస్తారు. ఇచ్చేవారిలో కూలివాళ్ళున్నారు, గల్ఫులో కష్టపడేవాళ్ళున్నారు, గాజులమ్మి బతికే స్త్రీలున్నారు.

ఈ బొమ్మను కళాఖండంగా విమర్శించినా నిలవదు. మదీనాలోని గుంబదును మొదట కట్టించినది మమ్లూక్ సుల్తాను ఖలావూన్, 1279లో. దానికి పచ్చరంగు పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. దైవప్రవక్త (స) స్వయంగా నిర్మాణంలో పాల్గొన్న మస్జిదుకు ఖర్జూరపు దుంగలు స్తంభాలు, ఖర్జూరపు ఆకులు కప్పు. మీనారు సైతం తరువాతి తరాలలో చేరినదే. గుంబదు కట్టరాదని ఎవరూ అనడం లేదు. కాని దానిని ఇస్లాం ముద్రగా భావించి, ఆ ఊరి ఎండకూ గాలికీ రాతికీ సంబంధం లేకుండా అతికించడం అనుకరణే అవుతుంది. గండికోటలోని జామియా మస్జిదును చూసినవారికి, స్థానిక శైలికీ ఇబాదతుకూ విరోధం లేదని వేరే చెప్పనక్కరలేదు. పైగా సిమెంటు గుంబదు లోపలి వంపు శబ్దాన్ని ఒకచోటికి తిప్పికొడుతుంది. లౌడుస్పీకరు పెట్టినకొద్దీ ఖుత్బా గజిబిజి అవుతుంది. బొమ్మలో శబ్దం వినబడదు గదా! వుజూ ఖానా నీరు ఎటు పోతుందో బొమ్మలో కనబడదు. మోకాళ్ళ నొప్పులున్న వృద్ధుడు ఎట్లా ఎక్కాలో, స్త్రీలకు స్థలం ఎక్కడో బొమ్మలో కనబడదు.

మరో సూక్ష్మమైన సంగతి. ఒక ఊరి నక్షా ఫైలును మరో ఊరికి నకలు చేయడం నేడు సాధారణం. తిరుపతి నుండి కాబా దిశ నేరు పడమటికి సుమారు 17 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. హైదరాబాదు నుండి సుమారు 13 డిగ్రీలు. అక్కడి ఫైలులో వేసిన కోణాన్ని ఇక్కడ మార్చకుండా దించితే, సుమారు నాలుగు డిగ్రీల తేడాతో సఫ్‌లు ఏర్పడతాయి. దూరంగా ఉన్నవారికి దిశ చాలునన్న ఫుఖహాల వెసులుబాటు వల్ల నమాజుకు భంగం కలగకపోవచ్చు. కాని వెయ్యేళ్ళ క్రితం అల్ బీరూనీ గజనీ నగరపు ఖిబ్లాను కట్టడానికి అంత శ్రమపడి గ్రంథం రాస్తే, చేతిలో యంత్రముండి కూడ ఒక అంకె సరిచూడకపోవడం ఏ రకమైన శ్రద్ధ? అదే కంప్యూటరు ఆ కోణాన్ని క్షణంలో కట్టి ఇస్తుంది. అడిగేవాడు ఉండాలి.

హజ్రత్ ఉమర్ (రజి) మస్జిదె నబవీని పునర్నిర్మించేటప్పుడు, జనాన్ని వాన నుండి కాపాడడమే ముఖ్యమనీ, రంగులతో వారి మనస్సును చెదరగొట్టవద్దనీ కట్టేవారిని హెచ్చరించినట్లు బుఖారీలో ఉన్నది. మస్జిదుల విషయంలో జనం ఒకరి మీద ఒకరు గొప్పలు చెప్పుకోవడం ప్రళయ సూచనలలో ఒకటని కూడ హదీసు ఉన్నది. ఒక పేట ఫ్లెక్సీని చూసి పక్క పేట మరో రెండు మీనార్లు చేర్చే నేటి పోటీకి ఇంతకంటే స్పష్టమైన వ్యాఖ్య అక్కరలేదు.

వర్ణన, బాధ్యత

ఫిఖ్హ్‌లో ఇస్తిస్నా అనే ఒప్పందం ఉన్నది. ఇంకా తయారుకాని వస్తువును తయారుచేసి ఇమ్మని పనివానితో చేసుకునే ఒప్పందం ఇది. హనఫీ ఫుఖహాలు దీనిని అనుమతిస్తూ ఒక షరతు పెట్టారు. వస్తువు వర్ణన స్పష్టంగా ఉండాలి: జాతి, పరిమాణం, లక్షణం. తయారైన వస్తువు వర్ణనకు భిన్నంగా ఉంటే కొనుగోలుదారునికి దానిని నిరాకరించే హక్కున్నది. ఉస్మానియా కాలపు మజల్లా సైతం ఇదే సూత్రాన్ని క్రోడీకరించింది. ఇక ప్రశ్న: రంగుల బొమ్మ వర్ణన అవుతుందా? కాజాలదు. బొమ్మలో పరిమాణం లేదు, పదార్థం లేదు. ఇనుము ఎన్ని మిల్లీమీటర్లు, పునాది ఎంత లోతు, సిమెంటు పాళ్ళెంత, ఇవేవీ లేవు. కనుక చందాదారునికి బొమ్మ చూపి కాంట్రాక్టరుకు నోటిమాట చెప్పే పద్ధతిలో, వర్ణన లేని ఒప్పందం జరుగుతున్నదన్నమాట. రుణ వ్యవహారాన్ని రాసిపెట్టుకోమనీ, సాక్షులను పెట్టుకోమనీ బఖరా సూరా 282వ ఆయతులో అంత వివరంగా ఆదేశం ఉన్న సమాజంలో, లక్షల రూపాయల వక్ఫ్ సొమ్ము బొమ్మ మీద నడుస్తున్నది.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టం కళాత్మక లక్షణమున్న కట్టడాన్ని కృతిగా గుర్తిస్తుంది. నిర్మాణ పద్ధతులకు మాత్రం ఆ హక్కును విస్తరించదు. 1994 సవరణ ప్రకారం కంప్యూటరు ద్వారా తయారైన కృతికి, దానిని తయారుచేయించిన వ్యక్తే కర్త. కాని ఆ హక్కు ఎంత దుర్బలమో ఢిల్లీలోని హాల్ ఆఫ్ నేషన్స్ ఉదంతం తెలుపుతుంది. 1972 నాటి ఆ భవనాన్ని 2017లో కూల్చివేశారు. రూపకర్త రాజ్ రేవల్ న్యాయస్థానానికి వెళ్ళగా, కూల్చే యజమానిని రూపకర్త అడ్డుకోజాలడని 2019లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. ఇక 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ఆర్కిటెక్టు అనే బిరుదును మాత్రమే రిజిస్టరైనవారికి పరిమితం చేస్తుందనీ, ఆ పని ఇతరులు చేయడాన్ని నిషేధించదనీ 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అనగా ఎలివేషన్లు గీసే కుర్రవాడు చట్టాన్ని ఉల్లంఘించడం లేదు. చట్టం అడగనప్పుడు అడగవలసిన భారం మన మీద పడుతుంది.

ఇక్కడ మన సంప్రదాయం చట్టం కంటే ముందుకు వెళుతుంది. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు నష్టానికి బాధ్యుడని హదీసు ఉన్నది. పనిని నేరుగా చేసినవానిని ముబాషిర్ అనీ, దానికి కారకుడైనవానిని ముతసబ్బిబ్ అనీ ఫుఖహాలు వేరుచేశారు. ఇద్దరూ ఉన్నచోట బాధ్యతను సాధారణంగా ముబాషిరుకు చెందజేశారు. యంత్రం వీరిద్దరిలో ఎవరూ కాజాలదు, ఎందుకంటే దానికి తక్లీఫ్ లేదు, లెక్క చెప్పవలసిన దినం లేదు. అందుచేత కంప్యూటరు అలా చూపించింది అన్న జవాబు షరీఅతు దృష్టిలో జవాబే కాదు. బొమ్మ అడిగినవాడు, గీసినవాడు, ఇనుము కట్టినవాడు, సంతకం పెట్టినవాడు, వీరి మధ్య బాధ్యత పంచబడాలి. లాభం ఎవరికో నష్టభారం వారికే అన్న ప్రసిద్ధ సూత్రం ఇక్కడ వర్తిస్తుంది. బొమ్మతో పేరు తెచ్చుకున్న కమిటీ, కప్పు కారినప్పుడు మేస్త్రీని చూపి తప్పుకోవడం ఆ సూత్రానికి విరుద్ధం.

యంత్రాన్ని నిందించడానికి వీలులేని మరో కారణం కూడ ఉన్నది. ఇస్నాద్‌ను కాపాడడానికి ఇంతకంటే మంచి సాధనం మునుపు లేదు. ఎవరు ఏ రోజు ఏ గోడను మార్చారో నేటి ప్రోగ్రాములు నమోదు చేసి పెట్టగలవు. పారిస్‌లోని నోత్రదాం చర్చిని ఆండ్రూ టాలన్ అనే చరిత్రకారుడు లేజరు కిరణాలతో ముందే కొలిచి ఉంచాడు. 2019 ఏప్రిల్ 15న అది కాలిపోయినప్పుడు ఆ కొలతలు పునర్నిర్మాణానికి అక్కరకొచ్చాయి. హైదరాబాదు పాత సచివాలయాన్ని 2020 జూలైలో కూల్చినప్పుడు అందులోని రెండు మస్జిదులు కూడ నేలమట్టమయ్యాయి. ముస్లింల ఆవేదన తరువాత ప్రభుత్వం కట్టించిన కొత్త మస్జిదు 2023 ఆగస్టు 25న ప్రారంభమైంది. వక్ఫ్ అనేది స్థలానికి సంబంధించిన హక్కు. కొత్త అందం పాత స్థలానికి బదులు కాదు. ఆ సంఘటన మనకు నేర్పవలసిన పాఠం ఒకటున్నది. ప్రతి పాత మస్జిదుకూ, దర్గాకూ, ఖబరస్తానుకూ గోడ నిలిచి ఉండగానే కొలతల నక్షా ఉండాలి. ఒక ఫోను, ఒక టేపు, ఇద్దరు చదువుకున్న యువకులు ఉంటే ఈ పనిని ఏ పేటలోనైనా మొదలుపెట్టవచ్చు.

కమిటీలకు మనవి

కాబట్టి మస్జిదు కట్టదలచిన వారికి నాలుగు మాటలు మనవి చేయడం ఉచితం. ఒకటి, చందా అడిగే ఫ్లెక్సీ మీద బొమ్మతో పాటు కొలతలున్న ప్లాను, అంచనా ఖర్చు, గీసినవారి పేరు, లెక్కకట్టిన ఇంజనీరు పేరు ముద్రించాలి. రెండు, నక్షా ఫైళ్ళు గీసినవాని కంప్యూటరులో ఉండిపోరాదు. డబ్బు చెల్లించిన పిదప వాటి ప్రతి వక్ఫ్ ఆస్తిగా ముతవల్లీ దస్త్రంలో చేరాలి. లేకపోతే పదేళ్ళ తరువాత ఒక పైపు ఎటు పోయిందో తెలుసుకోవడానికి గోడను పగలగొట్టవలసి వస్తుంది. మూడు, పాతదాన్ని విప్పకముందు దానిని కొలిచి, ఫోటోలు తీసి, ఇమాం సాహెబు, జమాఅతు పెద్దల సమక్షంలో దాఖలు చేయాలి. నాలుగు, పూర్తయిన రోజున పాలరాతి పలక మీద ప్రారంభించిన నాయకుని పేరు ఒక్కటే కాకుండా, గీసినవారి నుండి తాపీ మేస్త్రీ వరకు అందరి పేర్లు చెక్కించాలి.

పేర్లు చెక్కించడం రియా అవుతుందేమో, అనగా ప్రదర్శనబుద్ధి అవుతుందేమో అని కొందరు సందేహించవచ్చు. చందా ఇచ్చినవాడు తన పేరు దాచుకుంటే అది ఇఖ్లాస్. కాని పని చేసినవాడు పేరు దాచుకుంటే అది ఇఖ్లాస్ కావచ్చు, తప్పించుకోవడమూ కావచ్చు. ముహద్దిసులు రావీల పేర్లను కీర్తి కోసం రాయలేదు. విచారించడానికి వీలుగా ఉండాలని రాశారు. మస్జిదు గోడ మీది పేరు కూడ అట్టిదే. అల్లాహ్‌కు కట్టినవారందరి పేర్లూ తెలుసు, ఏ ఇటుక ఎవరు పెట్టారో తెలుసు. మనకు తెలియదు గనుక మనం రాసి పెట్టుకోవాలి.